మైనస్ ఎనభై

కర్నూలు, మే నెల రెండో వారం.
పెద్దాసుపత్రి పాత బ్లాకు, మూడో అంతస్తు.
బయట నలభై మూడు.
లోపల, ఈ తెల్లటి పెట్టె కడుపులో, మైనస్ ఎనభై.
నూట ఇరవై మూడు డిగ్రీల ఈ దూరాన్ని
ఒక్క కరెంటు తీగ మోస్తోంది.

పెట్టెలో నాలుగు వందల పన్నెండు బుగ్గలు.
బుగ్గలంటే, బుగ్గలోంచి తీసిన సెనగబద్దంత తునకలు,
పుగాకు కాడ అదిమిపెట్టుకున్న వైపువి.
పేర్లు రాయకూడదు. నంబర్లే.
నాకు మాత్రం కొన్ని నంబర్లకు ముఖాలున్నాయి.

రెండొందల పదిహేడు, తుగ్గలి గిడ్డమ్మ.
తొలి వాన పడితే చాలు, సద్దిమూట కట్టుకొని
జొన్నగిరి చేలలో వజ్రాలు వెతికే మనిషి.
పద్దెనిమిదేళ్లు నడుం వంచి నడిచింది.
దొరికింది ఒక్కటే, కందిబేడంత.
ఎంతకమ్మావని అడిగితే నవ్వింది.
ఆ నవ్వు అప్పటికే ఒక వైపు తెరుచుకోవడం లేదు.

వేలిముద్ర వేస్తూ అడిగింది:
"నా తునక మీకేటికమ్మా? దాంట్లో యేం యెతుకుతారు?"
కొందరికే ఎందుకొస్తుందో, ఏ మందు ఎవరికి పడుతుందో...
నేను తడబడుతుంటే ఆమే అందుకుంది:
"అంటే రాళ్లేరడమే గదా.
నూరు పారేస్తే గానీ నూటొకటోది యేందో తెలీదు."

మా ప్రతిపాదనలో నలభై పేజీలు రాశాం.
ఈ మాట తట్టలేదు.

మొదటి ఏడాది డబ్బు వచ్చింది.
పెట్టె వచ్చింది, నేను వచ్చాను.
రెండో కిస్తు వస్తూనే ఉంది, పదకొండు నెలలుగా.
ఢిల్లీలో బయలుదేరి
ఏ బల్ల మీద దిగి టీ తాగుతోందో.
వినియోగ పత్రం మూడుసార్లు తిరిగొచ్చింది:
ఒకసారి మొత్తం అక్షరాల్లో లేదని,
ఒకసారి ముద్ర సంతకం మీద పడిందని,
మూడోసారి కారణం రాలేదు, కాగితమే వచ్చింది.
ఇప్పుడు కొత్త ఫారం. అందులో ఒక గడి:
ఇంతవరకు సాధించిన ఫలితం, యాభై పదాలు మించకుండా.

శేషఫణి సారు జనరేటరుకు తన జేబులోంచి డీజిల్ పోయిస్తాడు.
ఆ రసీదులకు ఏ పద్దూ లేదు.
నా జీతం సంగతి మా అమ్మ అడగడం మానేసింది.

మొన్న రాత్రి రెండింటికి పెట్టె అరిచింది.
మైనస్ అరవై ఒకటి.
యాభై ఎనిమిది.
జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
థర్మకోల్ డబ్బాలు ఎత్తుకొని
నేనూ వాచ్‌మన్ బజారీ మెట్లు దిగాం, ఎక్కాం, మళ్లీ దిగాం.
రక్తనిధిలో మహబూబ్‌పీరా
నెత్తురు సంచులు పక్కకు జరిపి ఒక అర ఇచ్చాడు.
అక్కడ మైనస్ నలభై.
చాలదని ముగ్గురికీ తెలుసు.
ఎవరూ అనలేదు.

తెల్లారి గిడ్డమ్మ చూపించుకోవడానికొచ్చింది.
దవడ సగం లేదు. మాట గాలిలా పోతోంది.
కొంగుతో మూతి తుడుచుకొని,
"నాది ఉండాదా?"
"ఉంది."
"సల్లగుండాదా?"

నేను నోరు తెరిచేలోపు వాన సంగతి ఎత్తుకుంది.
ఈ యేడు ముందే పడిందంట జొన్నగిరిలో.
ఎల్లుండి మనవరాలిని తోలకపోతదంట.
ఆ పిల్లకు కన్ను అలవాటు కావాలంట:
మెరిసేదంతా ఏరొద్దు,
బురదలో ఉండి గూడా బురదంటనిదాన్ని సూడు, అని.

ఆమె పోయినాక ఫారం ముందు కూర్చున్నాను.
గడిలో రాశాను:
నాలుగు వందల పన్నెండు మంది ఇచ్చారు.
ఇంకా నలభై ఐదు పదాలకు చోటుంది.
ఖాళీగానే కవరులో పెట్టాను.

కరెంటొచ్చింది.
పెట్టె మీద ఎర్ర అంకెలు:
మైనస్ డెబ్బై రెండు.
దిగుతోంది, మెల్లగా.